మునగకుండా పెట్టిన చిల్లు

పట్కారుకు పుట్టినప్పుడు ముచ్చటైన పేరే పెట్టారు గానీ, ఆ పేరు బడి హాజరుపట్టీ దాటి బయటికి రాలేదు. ఇంకా నడక రాని రోజుల్లో, వాళ్లమ్మ కుట్టుమిషను కింద పాకుతూ నేల మీద పడ్డ గుండీ ఒకటి గుప్పిట్లో బిగించిందట. బొమ్మ చూపించారు, పాలసీసా చూపించారు, చివరికి చక్కిలిగింతలు పెట్టారు. కిలకిలా నవ్వింది గానీ గుప్పిడి విప్పలేదు. నిద్రపోయాక తీసుకుందాంలే అనుకుంటే నిద్రలోనూ వదల్లేదు. "ఇది పిల్ల కాదే, పట్కారు" అంది అమ్మమ్మ. ఏ ముహూర్తాన అందో, అదే ఖాయమైపోయింది. ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే ఆ పిల్లే పలకదు.

ఆ పిల్ల చేసిన ఘనకార్యాలు చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు. అలాగని చెప్పకుండా ఉంటే మనసొప్పదు. మూడో తరగతిలో ఉండగానే తొక్కుడు మిషను పట్టీ తెగితే, పాత సైకిలు ట్యూబును చుట్టూ కోసి తగిలించింది. ఆ పూట ఇవ్వాల్సిన చొక్కాలు ఆ పూటే ఇచ్చారు. ఏడో తరగతిలో మేడ మీది నీళ్ల ట్యాంకు పొంగి మెట్లన్నీ కాలవలైపోతుంటే, పెద్దలందరూ కింద నిలబడి మేస్త్రీని తిట్టారే గాని ఒక్కరూ పైకెక్కలేదు. పట్కారు ఎక్కి, లోపల తేలే బంతికున్న తీగ వంకర తీసి దిగింది. దిగాక చెప్పకుండా ఎక్కినందుకు అమ్మ చేతిలో రెండు తిన్నదనుకోండి, అది వేరే సంగతి. వాళ్ల నాన్న లారీ నడుపుతాడు. ఇంట్లో ఉన్న రోజులకన్నా దారిలో ఉన్న రోజులే ఎక్కువ. ఆయన ఇంటికొచ్చినప్పుడల్లా లారీ కింద దూరి, ఏ కీలుకు ఎంత గ్రీజు పెట్టాలో ఆయనతో పాటు నేర్చుకుంది.

అన్నిటికన్నా పెద్ద పేరు మూతల దగ్గర వచ్చింది. వీధిలో ఎవరింట్లో ఏ సీసా మూత బిగుసుకున్నా, ఏ డబ్బా మూత మొరాయించినా, "పట్కారు దగ్గరికి తీసుకెళ్లండి" అనేవారు. తీసుకొచ్చిన మగవాళ్లు ముందు తామే ఇంకోసారి ప్రయత్నించి, ఎర్రబడ్డ అరచేతులతో ఆ పిల్లకిచ్చేవారు. పట్కారు ఒకసారి పట్టిందంటే మూత రావాలి, లేదా డబ్బా రావాలి.

అలాంటి పిల్ల ఇంజనీరింగు కాలేజీలో మెకానికల్లో చేరిందంటే ఆశ్చర్యం ఏముంది. ఆ వీధిలో ఆ చదువు చదివిన మొదటి మనిషి. ఆ తరగతిలో ఆడపిల్లలు ఉన్నదే కాసిని మంది, వాళ్లలో ఇనుము చెక్కే లేతు యంత్రం దగ్గర జడ చుట్టి ముడేసుకుని మొదట నిలబడింది మన పట్కారే. రెండో ఏడు పూర్తయ్యేసరికి పడవ జట్టులోకి తీసుకున్నారు.

పడవంటే మనమెక్కే పడవ కాదు. అందులో మనిషి ఉండడు, తెడ్డు ఉండదు, ఒడ్డున నిలబడి మీటలు నొక్కేవాడూ ఉండడు. చెరువులో ఎర్ర బంతులూ పచ్చ బంతులూ జంటలుగా తేలుతుంటాయి. పడవ తన కెమెరాతో తనే చూసుకుని, తన దారి తనే వెతుక్కుని, ఆ జంటల మధ్యనుంచి దూరి వెనక్కి రావాలి. ఏటేటా కాలేజీల పిల్లలందరూ ఇలాంటి పడవలు కట్టుకుని ఒక చెరువు దగ్గర పోటీ పడతారు. నీళ్లలో వదిలాక ఎవరూ ముట్టుకోకూడదు. బడికి పంపిన పిల్లాడి వెనక తల్లి వెళ్లకూడదన్నట్టు.

జట్టులో పని పంచుకున్నారు. పడవకు తెలివి పెట్టేవాడు బుర్ర. అతనికా పేరు ఎవరు పెట్టారో గానీ సరిగ్గా సరిపోయింది. తల పెద్దది, లోపల సరుకూ ఎక్కువే, అది తనకు తెలుసనే ఎరుక అంతకన్నా ఎక్కువ. ప్రోగ్రాము అతనిది. తీగలూ బ్యాటరీలూ చూసేది ఇంకొందరు. అందరినీ కూడగట్టి నడిపించేది నాలుగో ఏడు చదివే అక్క, ఆమెను కెప్టెన్ అనేవారు. పడవ ఒళ్లు మాత్రం పట్కారుది. ఆకారం గీయడం, అచ్చు చేయడం, పోత పోయడం, మోటార్లు బిగించడం, ఒక్క చుక్క కూడా లోపలికి రాకుండా చూడటం. తెలివి ఎంతున్నా ఒళ్లు తేలకపోతే ఏం లాభం?

రెండు డొప్పల పడవ అది. ఒక జత చెప్పులు పక్కపక్కన పెట్టి, పైన పీట వేస్తే ఎలా ఉంటుందో అలా. ఒక్క డొప్పయితే గాలికి పక్కకు ఒరుగుతుంది, రెండయితే కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డ మనిషిలా నిలకడగా ఉంటుంది. ప్రతి డొప్ప వెనక భాగంలో ఒక మోటారు, నీళ్లలో తిరిగే చిన్న పంకా, రెండింటినీ కలుపుతూ డొప్పను తొలుచుకుని పోయే ఇరుసు. ఇరుసు తిరిగే గొట్టం నిండా గ్రీజు కూరారు, నీరు రాకుండా. గ్రీజు పెట్టడం ఎవరి చేతి పనో వేరే చెప్పక్కర్లేదు.

అచ్చుకు థర్మోకోల్ లాంటి నురగబల్లల్ని ముక్కలుగా కోసి, ఒకదానికొకటి అంటించి, ఆకురాయితో అరగదీసింది. వర్క్‌షాపు నిండా తెల్లటి పొడి. దాని మీద గాజునూలుతో నేసిన గుడ్డ పరిచి, రెజిన్ అనే జిగురు రాస్తే, గట్టిపడ్డాక ఇనుము లాంటి డొప్ప వస్తుంది. అయితే డొప్ప ముక్కు దగ్గర గుండ్రంగా తిరిగే చోట గుడ్డ ముడతలు పడి చచ్చేది. ముడత ఉన్న చోట జిగురు నిండదు, జిగురు నిండని చోట నీరు నిండుతుంది. జట్టులో వాళ్లు లాగారు, నొక్కారు, బరువులు పెట్టారు. కుట్టుమిషను కింద పెరిగిన పిల్లకు అదొక లెక్కా? గుడ్డను ఏటవాలుగా తిప్పి కత్తిరించి, చొక్కా భుజం దగ్గర తగ్గించినట్టు చిన్న చిన్న కోతలు పెట్టి, అంచు మీద అంచు ఎక్కించింది. ముక్కు మీద గుడ్డ చర్మంలా కూర్చుంది.

దాని మూలంగా ఇంట్లో మాత్రం గొడవైంది. ఆ గుడ్డ కోస్తే లేచే నూగు బట్టలకు అంటుకుని వచ్చి, అమ్మ కుట్టే కొత్త బట్టల మీద వాలేది. ఒకాయన కొత్త ప్యాంటు వేసుకుని వెళ్లి, గోక్కుంటూ తిరిగొచ్చాడు. ఆ రోజు నుంచి పట్కారు వీధి తలుపున రాకూడదనీ, పెరటి దారిన వచ్చి, బట్టలు మార్చుకుని గానీ దుకాణం గదిలో కాలు పెట్టకూడదనీ అమ్మ శాసనం చేసింది.

వర్క్‌షాపు మాస్టారికి ఒక పద్ధతి ఉండేది. నీటిలోకి దించే ముందు ఆయన తన సిరా కలంతో రెండు అద్దుడు కాగితాల మీద చెరొక గీత గీసి, ఒక్కొక్క డొప్పలో అడుగున ఒక్కొక్కటి పరిచేవారు. తర్వాత మూత బిగించాలి. పడవ తిరిగొచ్చాక మూత తీసి కాగితం చూస్తారు. లోపలికి ఒక్క బొట్టు వచ్చినా సిరా పాకి, గీతకు జెర్రికి ఉన్నట్టు సన్నని కాళ్లు మొలుస్తాయి. అందుకని ఆ వర్క్‌షాపులో "కారిందా?" అని ఎవరూ అడగరు. "కాళ్లొచ్చాయా?" అని అడుగుతారు. కాగితం అబద్ధం ఆడదు, మనిషిలా తుడిచేసి దాచేయడానికి వీలుండదు అనేవారు మాస్టారు.

షెడ్డులోని తొట్టిలో ఆ డొప్పల్ని ఎన్నిసార్లు దించినా కాళ్లు రాలేదు. బరువులు పెట్టి లోతుకు తొక్కినా రాలేదు. ఎవరినీ ఊరికే మెచ్చుకోని మాస్టారు కాగితాన్ని వెలుగుకు పట్టి చూసి, "దీన్లోకి నీళ్లే కాదమ్మాయ్, పుకారు కూడా దూరదు" అన్నారు. ఆ మాట ఇంటికొచ్చి చెప్తే అమ్మమ్మ వీధంతా పంచింది.

కాలేజీ వెనక చెరువులో మొదటిసారి వదిలిన నాడు ఎండ మండిపోతోంది. పడవను తోపుడు బండి మీద తెచ్చి గట్టున పెట్టాక బుర్రకు ప్రోగ్రాములో ఏదో తేడా కనిపించింది. "ఒక్క నిమిషం" అన్నాడు. ప్రోగ్రాము రాసేవాళ్ల నిమిషం ఎంతుంటుందో వాళ్లతో పనిచేసినవాళ్లకు తెలుసు. అందరూ చెట్టు నీడకు చేరారు, పడవ ఒక్కటే ఎండలో కూర్చుంది. చివరికి నీళ్లలో దించితే, అబ్బ, ఎంత చక్కగా వెళ్లిందని. బాతు వెళ్లినట్టు వెళ్లింది. బంతుల జంట దాటింది, మలుపు తిరిగింది. అందరూ చప్పట్లు కొడుతుండగా ఎడమవైపు కొంచెం కిందికి ఒరిగింది. తర్వాత ఇంకొంచెం. ఒడ్డుకు లాగి మూత తీస్తే రెండు కాగితాల్లో గీతలకూ కాళ్లే కాదు, చేతులు కూడా వచ్చాయి.

పట్కారు సాకు చెప్పలేదు. మూత దగ్గరి రబ్బరు పట్టీ మీద అనుమానపడి, దాన్ని పీకేసి ఇంకా మందమైంది వేసింది. మరలు దగ్గర దగ్గరగా బిగించింది, అంచుల వెంట అతుకు మందు పూసింది. షెడ్డు తొట్టిలో మళ్లీ పరీక్ష పెడితే గీత గీతలాగే ఉంది. రెండోసారి, మళ్లీ మండే ఎండలోనే, చెరువుకు తీసుకెళ్లారు. ఈసారి ముందుకన్నా ఎక్కువ నీళ్లు వచ్చాయి. బ్యాటరీ దగ్గరి తీగలు తడిసి, బుర్ర కష్టపడి చేసుకున్న సర్క్యూట్ బోర్డు ఒకటి కాలిపోయింది.

ఇదేం వింత? ఎంత బిగిస్తే అంత తాగుతోంది.

బుర్రకు కోపం రావడంలో తప్పు లేదు. "నీ డొప్ప తాగుతుంది, నా బోర్డు కక్కుతుంది" అన్నాడు. బజార్లో ప్లాస్టిక్ తేలుడు పీపాలు దొరుకుతాయనీ, వాటి మీద పీట బిగించుకుంటే అందం లేకపోయినా మునగదనీ, పోటీ దగ్గర పడ్డాక ఇంకా ప్రయోగాలేమిటనీ వాదించాడు. జట్టులో సగం మంది తలలు ఊపారు. ఆ పీపాలు నీటిని చీల్చుకుని పోవు, తోసుకుంటూ పోతాయి, బంతుల మధ్య తిరగడానికి వాటికి చోటు చాలదు అని పట్కారు అంది. నిజమే గానీ, మునిగే పడవ కట్టినవాళ్ల మాట ఎవరు వింటారు? ఆఖరికి కెప్టెన్ తీర్పు చెప్పింది. వచ్చే వారం ఇంకొక్కసారి చెరువులో దించుతారు. గీతకు కాళ్లొస్తే ఆ డొప్పలు అటకెక్కుతాయి, పీపాలు దిగుతాయి. మాస్టారు కలం మూత పెట్టుకుని వెళ్లిపోయారు.

ఒక ఎండాకాలమంతా అరగదీసి, చేతులు బొబ్బలెక్కి, ఇంట్లో పెరటి దారి పాలై కట్టిన డొప్పలు. వాటిని అటక మీద ఊహించుకుంటేనే పిల్లకు అన్నం సహించలేదు. సెలవు రోజున ఇంట్లో, మూత రబ్బరు ముక్కను చేతిలో పెట్టుకుని, వంగదీస్తూ, లాగుతూ కూర్చుంది.

ఆ పొద్దున అమ్మ కుట్టిన బట్టలు అప్పగించడానికి వెళ్తూ, పొయ్యి మీంచి దించిన కూర దించినట్టే స్టీలు డబ్బాలో పోసి, మూత నొక్కి వెళ్లింది. మధ్యాహ్నం అమ్మమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని కుస్తీ పట్టింది. చెంచా కాడతో పొడిచింది, కొంగు చుట్టి తిప్పింది, డబ్బాకు ఒక శాపం కూడా పెట్టింది. ఇక తన వల్ల కాదని పిలిచింది.

"ఏమే పట్కారూ, ఊరందరి మూతలూ తీస్తావు గదా. ఇంట్లో ముసల్దాని మూత కూడా కొంచెం చూడు."

పట్కారు డబ్బా అందుకుంది. పట్టు బిగించి ఒక్క గుంజు గుంజింది. మూత 'ఫుక్' మని లేచింది.

పుట్టినప్పటినుంచీ ఆ చప్పుడు వింటూనే ఉంది. వీధిలో అందరి డబ్బాల దగ్గరా విన్నది. ఆ రోజే మొదటిసారి చెవిలో దూరింది. బయటి గాలి ఆత్రంగా లోపలికి దూకిన చప్పుడు అది. వేడి వేడిగా పోసి మూత పెట్టారు, లోపలి గాలీ వేడెక్కి ఉంది. చల్లబడ్డాక ఆ గాలి ముడుచుకుపోయింది, ఇంకొంచెం గాలి కావాలని మూతను లోపలికి పీల్చి పట్టుకుంది. మూతకు సందు లేదు గనుక అలాగే బిగుసుకుపోయింది. సందు ఉంటేనో?

"అమ్మమ్మా, నా పడవ నీళ్లు తాగట్లేదే. పీలుస్తోంది" అంది.

"తాగినా పీల్చినా మునిగేది ఒకటే గదుటే. ముందు కూర వడ్డించు."

వడ్డించింది గానీ పిల్ల మనసు చెరువు గట్టున ఉంది. ఎండలో కూర్చున్నప్పుడు డొప్పలో గాలి సెగ సెగగా ఉంటుంది. చల్లటి నీళ్లలో దించగానే గాలి ముడుచుకుని, ఎక్కడ దొరికితే అక్కడినుంచి బయటిది లాక్కుంటుంది. మొదట మూత అంచున కొంచెం సందు ఉండేది. అక్కడినుంచి కొంత గాలి వచ్చేది, మిగతాది ఇరుసు గొట్టంలోంచి నీరుగా వచ్చింది. తనేం చేసింది? మూతను ఇంకా బిగించింది. ఇక డొప్పకు మిగిలిన దారి ఒక్కటే, నీటి కింద ఉన్న గ్రీజు గొట్టం. షెడ్డులో ఎండా లేదు, వేడీ లేదు, అందుకే అక్కడ ఎన్నిసార్లు చూసినా కాళ్లు రాలేదు. చిక్కంతా తను మెచ్చుకోలు తెచ్చుకున్న చోటే ఉంది.

ఊహ ఒకటి, రుజువు ఒకటి. బుర్రను ఇంటికి రమ్మని కబురు పెట్టింది. అతను పెరటి దారిన వచ్చి, ఎందుకొచ్చానా అన్నట్టు నిలబడ్డాడు. అప్పటికే ఆమె అమ్మమ్మ గుండీల డబ్బా, అద్దంలా లోపలిది కనిపించే మందపాటి ప్లాస్టిక్ డబ్బా, ఖాళీ చేసి, గుండీలన్నీ చాప మీద కుప్పపోసింది. మూతకు రంధ్రం వేసి, చిన్న గొట్టం దూర్చి, గొట్టం నిండా గ్రీజు కూరి, డబ్బాను ఎండలో పెట్టింది. అది బాగా వేడెక్కాక, మూత కిందికి వచ్చేలా చల్లటి నీళ్ల బకెట్లో ముంచి, అతన్ని పట్టుకోమంది.

"ఏం చూడాలి?"

"కళ్లు తెరుచుకుని చూడు. మాట్లాడకు."

కాసేపు ఏమీ లేదు. బుర్ర ఏదో అనబోయాడు. అంతలో గొట్టం కొసన గ్రీజు కొంచెం కదిలింది. దాని పక్కనుంచి ఒక బొట్టు లోపలికి వచ్చి నిలిచింది. దాని వెనక ఇంకోటి. ఆ తర్వాత సన్నటి ధార. బుర్ర నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉన్నాడు. చెప్పొద్దూ, అతను తెలివైనవాడే. ఆమె వివరించాల్సిన పని లేకపోయింది.

"అంటే ఆ రోజు నేను ఎండలో ఆలస్యం చేసినందుకు..." అన్నాడు.

"నువ్వు ఆలస్యం చేయకపోతే ఈ సంగతి పోటీ రోజున తెలిసేది. అక్కడ చెట్టు నీడ కూడా ఉండదట."

తర్వాత ముంచినా నీటికి పైన ఉండేలా డబ్బా అడుగున సూదంత రంధ్రం పెట్టి, మళ్లీ ఎండలో కాచి, మళ్లీ ముంచారు. ఎంతసేపు చూసినా లోపల ఒక్క చుక్క లేదు. కింద నీటిని పీల్చాల్సిన అవసరం లేకుండా పైనుంచి గాలే పోతోంది. బకెట్ చుట్టూ ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని ఏమీ జరగకపోవడాన్ని అంత ఆనందంగా చూస్తుంటే అమ్మమ్మకు అర్థం కాలేదు. అర్థమైంది ఒకటే.

"నా గుండీల డబ్బాకి చిల్లు పెట్టావుటే?"

"రెండు పెట్టింది అమ్మమ్మగారూ" అన్నాడు బుర్ర.

మర్నాడు వర్క్‌షాపులో పట్కారు తన పడవకు చిల్లు పెడతానని చెప్పేసరికి జట్టంతా గొల్లున నవ్వింది. పడవ మునిగిపోతోందని ఏడుస్తుంటే చిల్లు పెట్టే వైద్యం ఎక్కడా వినలేదన్నారు. ఎవరో ఒకరు, ఒక్కటి చాలా, జల్లెడలా చేసేద్దామా అన్నారు. నవ్వనివాడు బుర్ర ఒక్కడే. అతను బల్ల మీద ఆ గుండీల డబ్బా పెట్టి, తనే అందరికీ చూపించాడు. పీపాలు కొందామని వాదించినవాడే అంత ఓపిగ్గా చెప్తుంటే నవ్వులు వాటంతట అవే సద్దుమణిగాయి. కెప్టెన్ మాత్రం, మాట మాటే, మూడోసారి కాళ్లొస్తే పీపాలే అంది. మాస్టారు అన్నీ విని, డ్రిల్లు తీసి పట్కారు ముందు పెట్టారు.

"చిల్లు నువ్వే పెట్టమ్మాయ్. చెయ్యి రాకపోతే నాకివ్వు, పెడతాను."

రాలేదు. ఎలా వస్తుంది మరి? నీటి చుక్కకు కూడా దారివ్వకుండా చర్మంలా పరిచిన గుడ్డ, వేలితో తడిమి తడిమి నునుపు చేసిన పై అంచు. అక్కడ ములుకు ఆనించి ఒక్క క్షణం ఆగింది. మాస్టారి చేతికి మాత్రం ఇవ్వలేదు. చిల్లు పెట్టింది. రెండో డొప్పకూ పెట్టింది. వాటికి గొడుగు పిడిలా వంగిన చిన్న గొట్టాలు అతికించింది, పైనుంచి తుంపర పడినా లోపలికి పోకుండా నోళ్లు కిందికి ఉండేట్టు. నోటి దగ్గర పలచటి స్పాంజి ముక్క పెట్టింది.

చెరువు గట్టున ఆ రోజు ఎవరూ తొందరపడలేదు. మాస్టారు కావాలనే పడవను ఎండలో పెట్టించి, మూత మీద చెయ్యి వేస్తే చురుక్కుమనే దాకా దించనివ్వలేదు. ఆయనే గీతలు గీశారు, ఆయనే కాగితాలు పరిచారు. నీళ్లలోకి దించగానే పట్కారు గొట్టం నోటి దగ్గర చెవి పెట్టి వింది. సన్నగా, నిద్రలో పసిపిల్ల ఊపిరి లాగినట్టు వినిపించిందట. పడవ బంతుల జంటలన్నీ దాటి, మలుపులు తిరిగి వచ్చింది. ఎడమకు గానీ కుడికి గానీ వెంట్రుకవాసి ఒరగలేదు. అయినా కాగితం చెప్పందే నమ్మే అలవాటు ఆ వర్క్‌షాపులో లేదు. మాస్టారు మరలు ఒక్కొక్కటే విప్పుతుంటే కెప్టెన్ గోళ్లు కొరుక్కుంది.

మాస్టారు కాగితాలు రెండూ పైకి తీశారు. వెలుగుకు పట్టి చూశారు. బుర్ర చేతికిచ్చారు. బుర్ర అటు తిప్పి ఇటు తిప్పి చూసి, పట్కారు వైపు తిరిగాడు.

"కాళ్లు కాదు కదా, వేళ్లు కూడా లేవు" అన్నాడు.

మాస్టారు అప్పుడు కలం మూత పెట్టుకుంటూ, పీపాల సొమ్ముతో కొత్త బోర్డు కొనుక్కోమని కెప్టెన్‌తో చెప్పారు. పట్కారు వెళ్లి, తడి డొప్ప మీద చెయ్యి వేసి, గేదెను నిమిరినట్టు నిమిరింది.

పోటీలో వాళ్లకు మొదటి బహుమతి వచ్చిందని చెబితే బాగానే ఉండేది గానీ, లేని గొప్ప మనకెందుకు. ఉన్నదే చాలు. మధ్యలో పడవ ఒడ్డున ఎవరో పట్టుకున్న ఎర్ర గొడుగును చూసి బంతి అనుకుని, దాన్ని పలకరించడానికి పోయింది. "నీ బుర్రకి కూడా ఓ చిల్లు పెట్టనా, గాలి ఆడుతుంది" అని పట్కారు అంటే బుర్ర తల తడుముకున్నాడు. ఎర్రటి ఎండలో రెండు కాలేజీల పడవలు ఒరిగిపోయి, తాళ్లేసి లాక్కోవలసి వచ్చింది. మనది పొడిగా పోయి, పొడిగా వచ్చింది. న్యాయనిర్ణేతల బల్లల దగ్గర పెద్దాయన ఒకరు గొడుగు పిడిలాంటి ఆ గొట్టాన్ని చూసి, ఇది ఎవరి ఆలోచన అని అడిగితే, జట్టంతా ఒకేసారి పట్కారును ముందుకు తోశారు. ఒరిగిపోయిన ఒక జట్టు పిల్లలు వచ్చి దాని కొలతలు రాసుకున్నారు. ఆమె దగ్గరుండి రాయించింది.

ఇప్పుడు పట్కారు వరదల్లో మనుషుల్ని దాటించే పడవలు కట్టే కర్మాగారంలో పనిచేస్తోంది. అక్కడ డొప్పల విభాగానికి పెద్ద. ఆమె పాస్ చేయని పడవ గేటు దాటదు. సెలవులకు వస్తే ఇప్పటికీ పెరటి దారినే వస్తుంది, ఎవరూ చెప్పకపోయినా. వీధిలో బిగుసుకున్న మూతలు ఆమె కోసం దాచిపెట్టి ఉంచుతారు.

కాలేజీ వర్క్‌షాపులో ఏటా కొత్త పిల్లలు కొత్త పడవ కడుతూనే ఉన్నారు. ప్రతి డొప్ప మీదా ఆ వంకర గొట్టం ఉంటుంది. దాన్ని అక్కడ 'పట్కారు ముక్కు' అంటారు. ఆమెను చూసినవాళ్లు ఇప్పుడు అక్కడ మాస్టారు తప్ప ఎవరూ లేరు. కిందటేడు బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి ఒకాయన పడవ మీద వేలు పెట్టి, ఈ భాగాన్ని ఏమంటారని అడిగాడట. "పట్కారు ముక్కు సార్" అన్నాడట కుర్రాడు, పుస్తకంలో ఉన్న మాట చెప్పినంత ధీమాగా. ఆయన సందేహంగా మాస్టారి వైపు చూస్తే, మాస్టారు గంభీరంగా తల ఊపారట. మార్కులు పడ్డాయి.

ఈ సంగతి తెలిసి ఇంట్లో అందరూ మురిసిపోయారు, అమ్మమ్మ తప్ప. చప్పుడు చేసింది నా కూర డబ్బా, చిల్లులు పడింది నా గుండీల డబ్బాకి, పేరేమో దీని ముక్కుకా అని ఇప్పటికీ తగువు పెడుతూనే ఉంది. ఆ గుండీల డబ్బాను మాత్రం పారేయనివ్వలేదు. రెండు చిల్లులూ కనిపించేట్టు దుకాణం గదిలో ఎత్తుగా పెట్టించి, బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన వాళ్లందరికీ, కొలతలు ఇవ్వకముందే, ఈ కథ మొదలుపెడుతుంది.